కూల్‌డ్రింక్ బ్యాచ్ గోడు

సంపాదకులు గారికి నమస్కారం.

మందు గురించి మీ పేపర్లో రోజూ ఏదో ఒకటి చదువుతూనే ఉంటాను. వైన్స్ టైమింగులు, రేట్లు, తాగి బండి నడిపి దొరికినవాళ్లు, డిసెంబర్ 31 రాత్రి ఎన్ని కోట్లు అమ్మారు. అన్నీ తాగేవాళ్ల వార్తలే. ఆ పార్టీల్లోనే ఒక మూల కూర్చునే తాగనివాళ్లం ఏం తాగాలో ఎవరూ రాయరు. అందుకని నేనే రాస్తున్నాను, వీలుంటే వేసుకోండి.

నేను మానేసి మూడేళ్లు దాటింది. పెద్ద కథేం కాదు, స్కానింగ్‌లో లివర్‌కి కొవ్వు పట్టిందని వచ్చింది, డాక్టరు గారు ఇక చాలన్నారు, మా ఆవిడ ఆ మాట పదేళ్ల ముందు నుంచే అంటోంది. వారానికోసారి తాగేవాణ్ణి కాబట్టి మానడం నాకు మరీ అంత కష్టం కాలేదు. కష్టమల్లా శనివారం సిట్టింగులో మూడు గంటలు చేతిలో ఏం పట్టుకుని కూర్చోవాలన్నదే!

మొన్న మా ఫ్రెండ్ కొత్తింటి మేడ మీద కూర్చున్నాం, ఓ పది మందిమి. తాగేవాళ్లకి మూడు రకాల సీసాలు, ఐస్ బకెట్, కొత్త గాజు గ్లాసులు, స్టఫ్‌లోకి చికెన్ పకోడీ, జీడిపప్పు వేపుడు. నాకూ, షుగర్ ఉన్న ఇంకో పెద్దాయనకీ కలిపి ఒక రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, దాని మూతి మీద బోర్లించిన ప్లాస్టిక్ కప్పులు. “ఏం బావా, ఇంకా కూల్‌డ్రింక్ బ్యాచేనా?” అని ఒకడు. పాపం పెద్దాయన మంచినీళ్లతో సరిపెట్టుకున్నాడు, నేను ఆ గ్యాస్ పోయిన తీపి నీళ్లు తాగాను. 300 మిల్లీలీటర్ల మామూలు కూల్‌డ్రింక్‌లో దాదాపు 30 గ్రాముల పంచదార ఉంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 25 గ్రాముల లోపుంటే మంచిదంటోంది. లివర్‌లో కొవ్వుందని మందు మానేసినవాడికి మనం చేసే మర్యాద అదీ.

హోటళ్లలో ఇంకో రకం. మాక్‌టెయిల్స్ అని, అంటే మందు కలపని కాక్‌టెయిల్స్‌కి, మెనూలో ఒక పేజీ ఉంటుంది, పేర్లు చూస్తే విదేశాలకు వెళ్లొచ్చినట్టుంటుంది. పిల్లల పుట్టినరోజుకి ఒక రెస్టారెంట్‌కి వెళ్తే నీలం రంగుది ఒకటి తెచ్చి పెట్టారు, ఫినాయిల్ గుర్తొచ్చింది నాకు. సిరప్పు, సోడా, అంచుకి ఒక నిమ్మచెక్క, రెండు వందల ఎనభై రూపాయలు. రెండు గుక్కలకే నోరు జిగటగా అయిపోయి మంచినీళ్లు అడగాల్సొచ్చింది.

చిక్కంతా ఆ తీపి దగ్గరే ఉందని నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. బీరు తియ్యగా ఉంటుందా? హాప్స్ అనే పువ్వు వల్ల చేదుగా ఉంటుంది. ఎర్ర వైన్‌లో మజా అంతా వగరే, ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ దిగే వగరు. ఇక మంచి కాక్‌టెయిల్‌లో పులుపూ ఘాటూ ముందుంటాయి, తీపి ఉన్నా వెనకాలే. వీటన్నిట్లో ఉన్న సుఖం ఏమిటంటే గటగటా తాగలేం, కొంచెం కొంచెం చప్పరిస్తూ మాట్లాడుకుంటాం, గ్లాసు అరగంట చేతిలో ఉంటుంది. తీపి నీళ్లయితే ఐదు నిమిషాల్లో అయిపోతాయి, తర్వాత చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీదు. ఉగాది నాడు వేపపువ్వూ మామిడి పిందె వగరూ కలుపుకుని ఆరు రుచులూ తినే మనమే, తాగనివాడు కనబడగానే ఆరింట్లో ఒక్క తీపే తీసి చేతిలో పెడతాం.

ఆల్కహాల్ లేని బీర్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, నేనూ తాగాను. మామూలు బీరులాగే కాచి, తర్వాత అందులోంచి ఆల్కహాల్‌ని లాగేస్తారు కొన్ని కంపెనీలవాళ్లు. ఆల్కహాల్ మామూలుగా 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, గాలి తీసేసిన ట్యాంకుల్లో అయితే చాలా తక్కువ వేడికే ఆవిరైపోతుంది కాబట్టి మిగతా రుచి మరీ ఉడికిపోదు. బాగా చల్లగా ఉంటే మొదటి క్యాన్ బాగానే ఉంటుంది, కాస్త వెచ్చబడిందా, నానిన బ్రెడ్డు వాసన వస్తుంది. ఒక మాట మాత్రం చెప్పాలి. మన దేశంలో 0.5 శాతానికి మించి ఆల్కహాల్ ఉంటేనే రూల్స్ ప్రకారం అది మద్యం కింద లెక్క, కాబట్టి అసలు చుక్క కూడా వద్దనుకునేవాళ్లు 0.0 అని ఉందో లేదో లేబుల్ చూసుకోండి. ఇంకొకటి, రోజూ తాగే అలవాటు నుంచి కష్టపడి బయటపడ్డవాళ్లకి ఆ వాసన, ఆ నురగ చాలు మళ్లీ మనసు లాగడానికి. అలాంటివాళ్ల చేతిలో సరదాకి కూడా ఇది పెట్టకండి.

నాకైతే మా సెంటర్లో గోలీసోడా బండే దిక్కయింది. గోలీని మూతిలో బిగించే ఆ సీసాని 1872లో హైరం కాడ్ అనే ఇంగ్లండాయన పేటెంట్ చేయించాడట, ఇంగ్లండ్‌లో ఇప్పుడెంతమందికి గుర్తో గానీ మా గుంటూరులో ఇంకా కుయ్‌మంటూనే ఉంది. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి రబ్బరు రింగుకి అదిమి పెడుతుంది, కట్టెతో ఒక్క నొక్కు నొక్కితే అది సీసా మెడలోకి జారుతుంది. గ్లాసులో సగం నిమ్మకాయ పిండి, ఉప్పేసి, పైనుంచి సోడా పోస్తే నురగ అంచు దాటి వేళ్ల మీదకి వస్తుంది. దాంట్లో దంచిన అల్లం రసం ఒక చెంచా, చీల్చిన పచ్చిమిరపకాయ ఒకటి వేసుకుని చూడండి. గొంతులో చిన్న మంట దిగుతుంది, పాత అలవాటు వెతుక్కునేది ఆ మంటనే.

వైన్‌కి బదులు నేరేడు. సీజన్‌లో రెండు కిలోలు కొని గుజ్జు తీసి, కొంచెం ఉప్పు కలిపి ఫ్రీజర్లో పెట్టుకుంటాను. దాని రంగు, ఆ నాలుక పట్టేసే వగరు, ఇంకేం కావాలి? సీజన్ కానప్పుడు చిక్కటి బ్లాక్ టీ చల్లార్చి దానిమ్మ రసం కలుపుతాను, వగరుకి వగరు, రంగుకి రంగు. చేదు కావాలనుకునేవాళ్లకి టానిక్ వాటర్ అనే చేదు సోడా ఉంది, అందులో చేదు క్వినైన్ అనే పదార్థానిది, కాకపోతే పంచదార కూడా ఉంటుంది, చూసుకుని తాగాలి. మా అబ్బాయి గ్లాసు నిండా ఐస్ వేసి, టానిక్ వాటర్ పోసి, దాని మీద కాఫీ డికాక్షన్ నెమ్మదిగా వదులుతాడు, పైన నల్లగా కింద తెల్లగా నిలబడుతుంది. బ్రహ్మాండంగా ఉంటుంది గానీ రాత్రి తొమ్మిది దాటాక నేను ముట్టుకోను, తెల్లవార్లూ సీలింగ్ ఫ్యాన్ చూస్తూ పడుకోవాలి.

హైదరాబాద్ వెళ్లినప్పుడు నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్‌కి తీసుకెళ్లాడు మా తమ్ముడు, 2023లో తెరిచారు దాన్ని. నీరా అంటే కల్లు కాదు, చెట్టు నుంచి తెల్లవారకముందే దించి చల్లగా కాపాడిన తాటి, ఈత రసం, బయట పెడితే గంటల్లోనే పులిసి కల్లయిపోతుంది. అందుకే ఇది ఇంట్లో కుదిరే పని కాదు, మంచి చోట తాగాలి. తియ్యగానే ఉంటుంది, అయినా ఆ తీపి వేరు.

ఆ మేడ మీది ఫ్రెండ్ ఇంటికే పోయిన నెల మళ్లీ వెళ్లాను. ఈసారి నా సరుకు నేనే మోసుకెళ్లాను. డజను గోలీసోడాలు, నేరేడు గుజ్జు డబ్బా, ఫ్లాస్కులో వేడివేడి మిరియాల చారు. గాజు గ్లాసులే కావాలని పట్టుబట్టాను, అది చాలా ముఖ్యం, ప్లాస్టిక్ కప్పులో పోస్తే అమృతమైనా పేదగానే కనబడుతుంది. షుగర్ ఉన్న పెద్దాయన చారు మూడుసార్లు పోయించుకున్నాడు. రెండో పెగ్గు మీదున్న ఇద్దరు నా వైపు జరిగి నేరేడు రుచి చూశారు, ఒకడు కాసేపు ఆలోచించి “సూపర్‌గా ఉంది బావా, ఇందులో కొంచెం వోడ్కా పోస్తే ఇంకా బాగుంటుంది” అన్నాడు. సరే, వాడి బాధ వాడిది. రెండోవాడు మాత్రం ఆ రాత్రికి మూడో పెగ్గు పోసుకోలేదు. బండి తనే నడుపుకుంటూ వెళ్లాలి కాబట్టి నిజానికి మొదటిది కూడా పోసుకోకూడదు, ఆ మాట అంటే తిట్టాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ పని ఒక్కొక్కడు సంచీలో మోసుకెళ్లి చేసేది కాదు. హోటళ్లవాళ్లు ఆ నీలం సిరప్పుకి పెట్టే ఖర్చులోనే ఉప్పు సోడా, అల్లం, మసాలా మజ్జిగ మంచి గ్లాసుల్లో ఇవ్వొచ్చు. రెండు వందలు తీసుకోండి, మేమేం అనం, తాగేలా ఉంటే చాలు. పెళ్లిళ్లు చేసేవాళ్లు శ్రీరామనవమి పానకంలో బెల్లం తగ్గించి మిరియాలు, శొంఠి పెంచి, ఐస్ మీద పోసి చూడండి. రామచంద్రపురం ఆర్టోస్ లాంటి, వందేళ్లుగా మన దగ్గరే ఉన్న సోడాలు వెతికి పెట్టండి, అవి తియ్యగానే ఉంటాయి, పిల్లలకి బాగుంటాయి.

వచ్చే నెలలో మా అమ్మాయి నిశ్చితార్థం. క్యాటరింగ్ ఆయనకి నా లిస్టు ఇచ్చాను. నేరేడు దగ్గర తలూపాడు, అల్లం సోడా రాసుకున్నాడు, మిరియాల చారు దగ్గర పెన్ను ఆపి “ఇది తాగడానికాండీ, అన్నంలోకాండీ?” అన్నాడు. తాగడానికే, గాజు గ్లాసుల్లో పెట్టమన్నాను. అలాగేనండీ అన్నాడు గానీ, లిస్టులో అన్నం పక్కనే రాసుకోవడం నేను చూశాను.

ఇట్లు,
మీ పాఠకుడు, గుంటూరు