లోకల్ చానల్‌ను ముంచింది ఫోనా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో లోకల్ చానళ్లను ఫోన్ మింగేసిందని రాశారు. ఫోన్ మీద ఎందుకండీ నింద? వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఈరోజు తేజ మిర్చి క్వింటాలుకు ఎంత పలికింది, తేమ పేరు చెప్పి పత్తికి ఎంత కోశారు, రేపు ఏ ఫీడర్ కింద కరెంటు ఉండదు – ఈ మూడు ముక్కలు రోజూ ఏడింటికి తప్పకుండా చెప్పే చానల్‌ను ఎవరు వదులుతారు? హైదరాబాద్ చానళ్లకు ఈ గొడవ పట్టదు. డీటీహెచ్‌లో మన కేబుల్ చానల్ రాదు. పోటీయే లేని సరుకు అది. మనవాళ్లు అదొక్కటి తప్ప అన్నీ అమ్ముతారు.

కింద రెండు వరుసల స్క్రోలింగ్, పక్కన బట్టల షాపు, పైన లీడర్ గారి పుట్టినరోజు, మధ్యలో అగ్గిపెట్టెంత చోట వార్త. గంటకు వ్యాపార ప్రకటనలు 10 నిమిషాలు, సొంత డబ్బా 2 నిమిషాలు మించొద్దని కేబుల్ నిబంధనల్లోనే ఉంది. లెక్కపెట్టేదెవరు? ప్రసారం చేసినదంతా 90 రోజులు దాచాలని 2022 నవంబరు మార్గదర్శకాలు చెప్తున్నాయి. తప్పుడు వార్త పడ్డ వారానికి క్లిప్పు అడిగి చూడండి, హార్డ్ డిస్క్ పోయిందంటారు. ఇక హనుమకొండ పేరు ఒక్క బులెటిన్‌లోనే మూడు తీర్ల రాస్తారు.

అసలు రోగం జీతం కాడ ఉంది. మండల విలేకరికి జీతం ఉండదు, మైకుకు చానల్ లోగో ఉంటుంది. ఆగస్టు 15కు, దసరాకు, జనవరి 26కు యాడ్ల టార్గెట్ ఉంటుంది. యాడ్ ఇచ్చిన కాంట్రాక్టర్ పోసిన సీసీ రోడ్డు పగిలితే అతను కెమెరా తీస్తాడా?

లైవ్‌కు వ్యాను లేదనేది సాకు. వేరే వేరే కంపెనీల సిమ్ములు రెండు, పవర్ బ్యాంకు, స్పాంజి తొడిగిన మైకు చాలు. మేడారం జాతరలో టవర్లు ఎట్లాగూ మొరాయిస్తాయి, అక్కడ రికార్డు చేసి బయటికొచ్చి పంపాల్సిందే. విజువల్ మీద తేదీ, టైము వేయడానికి పైసా ఖర్చు కాదు. అది వేయకనే నిన్నటి వరద ఇవాళ్టిదై జనం ఉరుకుతారు. 2023 జూలైలో హనుమకొండలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు కావలసింది సంగీతం కాదు, ఏ గల్లీలో ఎంత లోతు నీళ్లు, ఏ దారి తెరిచి ఉంది అన్న మాట. కరెంటు పోతే స్తంభం మీద కేబుల్ సిగ్నల్ పంచే డబ్బా (నోడ్) ఆగుతుంది, టీవీ ఆగుతుంది. అప్పుడు అదే బులెటిన్ యూట్యూబ్‌లో పెడితే ఇంటింటికీ చేర్చేది మీరు తిట్టిన ఆ ఫోనే.

అధికారులు తక్కువ తిన్నారా? 66 డివిజన్ల వరంగల్ నగరంలో ఏ గల్లీకి ఎప్పుడు నల్లా వస్తుందో కాయితం మీద ఇవ్వరు గానీ, శంకుస్థాపన ఫొటోలు మాత్రం కొబ్బరికాయ పగలకముందే వాట్సాప్‌లో వస్తాయి. చానళ్లు వాటినే వేస్తాయి.

మీ కథనంలో ఎనుమాముల పేరు ఒక్కచోటా లేదు. స్టూడియో ఫొటోకు మాత్రం నాలుగు కాలమ్‌లు ఇచ్చారు.

– ఒక పాత కేబుల్ ఆపరేటర్, కాజీపేట