చెరువు పనిలో పొక్లెయిన్ల గురించి కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

మా చెరువులో పూడికతీత జోరుగా సాగుతోంది. పొక్లెయిన్ తిరిగినప్పుడు దాని వెనక బరువు చైన్ల అంచు దాటి బయటికొస్తుంది. ఆపరేటర్‌కు కుడి పక్క, వెనక సరిగా కనబడవు. కూలీలు నిలబడేది అక్కడే. వాళ్లు దగ్గరికి పోకుండా తాడు కట్టించి, ఈల వేసే మనిషిని పెట్టించండి.

నా అసలు భయం గట్టు మీది 11 కేవీ కరెంటు తీగలు. బూమ్, అంటే పొక్లెయిన్ పొడవాటి చెయ్యి, వాటికి తగిలితే ఆపరేటర్ కంగారుగా దిగబోతాడు. చెయ్యి బండి మీద, కాలు నేల మీద ఉంటే ప్రాణం పోతుంది. కరెంటు ఆపేదాకా క్యాబిన్‌లోనే ఉండాలి. మంటలొస్తే బండిని ముట్టుకోకుండా రెండు కాళ్లూ కలిపి దూకాలి. ఇది ఈ కుర్రాళ్లకు ఎవరూ చెప్పలేదండీ! పని గంటల్లో ఆ లైన్‌కు సప్లై ఆపించండి. రేపటి నుంచే.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు