బండి కిందికి ఒక్కసారి వంగి చూడమనండి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మా ఇంట్లో ఒక పాత కారు ఉంది. మా నాన్నగారు కొన్నది. నాలుగు తలుపులు, నాలుగు సిలిండర్లు, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే ఒక కార్బొరేటర్, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. ఆయన తర్వాత దాని పని దాదాపు అంతా నేనే ఇంటి దగ్గర చేసుకుంటున్నాను. పాత బండ్ల గురించి చర్చ వచ్చినప్పుడల్లా నాకు రెండు మాటలే వినిపిస్తాయి. ఇన్నేళ్లు దాటితే తుక్కు చేసేయాలని కొందరంటారు. పాతవి, అరుదైనవి కాబట్టి పరీక్షలు లేకుండా వదిలేయాలని ఇంకొందరంటారు. నేను ఈ రెండూ అడగడం లేదు. మా బండిని పరీక్షించండి, గట్టిగా పరీక్షించండి అని అడుగుతున్నాను.

ఎందుకో చెబుతాను. కొన్నేళ్ల కిందట ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్తే, అక్కడున్న ఇన్‌స్పెక్టర్ ఒకాయన టార్చి పట్టుకుని బండి కిందికి దూరారు. ముందు ఎడమ చక్రం దగ్గర బ్రేక్ హోస్‌ను, అంటే బ్రేక్ ఆయిల్ వెళ్లే రబ్బరు పైపును, వేళ్లతో వంచి, నన్ను పిలిచి చూపించారు. మామూలుగా చూస్తే అది నున్నగానే ఉంది. వంచితే సన్నటి పగుళ్లు బయటపడ్డాయి. అంతకు నెల ముందే ఆ చక్రం విప్పి బిగించింది నేనే. నా కంట పడలేదు. మా కారులో బ్రేకులన్నిటికీ కలిపి ఒకటే లైను. ఒక్కచోట కారిపోతే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. ఆయన బండిని ఫెయిల్ చేశారు, ఇంకో బండికి కట్టి ఇంటికి లాక్కొచ్చుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముందురోజు అదే కారులో మా అమ్మాయిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిరిగాను.

ఇంకో ఏడాది వేరేచోట పరీక్షకు వెళ్లాను. అక్కడ ఎవరూ కిందికి వంగలేదు. కాగితాల్లో తయారైన సంవత్సరం చూసి, "ఇంకా దీన్నెందుకండీ పెట్టుకున్నారు?" అన్నారు. లైట్లు, హారన్ చూసి ముద్ర వేసి పంపేశారు. పాసయ్యాను. కానీ బండి ఎలా ఉందో నాకూ తెలియలేదు, వాళ్లకూ తెలియలేదు.

ఇంటి దగ్గర పని అంటే ఏదో కాలక్షేపానికి స్పానర్ తిప్పడం అనుకునేవాళ్లు ఉన్నారు. మీరు అలా అనుకోకూడదని బ్రేకుల పని ఒక్కటి వివరంగా చెబుతాను. నేల చదునుగా ఉన్నచోట బండి ఆపి, కదలకుండా చక్రాలకు అడ్డు పెడతాను. జాకీతో లేపి, ఆ బరువును స్టాండ్ల మీదికి దించాకే చక్రం విప్పుతాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎప్పుడూ వెళ్లను. డ్రమ్ము తీశాక లోపలి దుమ్మును నోటితోగానీ గాలి పంపుతోగానీ ఊదను. డ్రమ్ముకు లోపల రాసుకుని చక్రాన్ని ఆపే బ్రేక్ షూలలో ఆ కాలంలో ఆస్బెస్టాస్ వాడేవారు. ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. అందుకే మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడుస్తాను. ఆ షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు అంచు ఎత్తి చూసి, లోపల చెమ్మ కనిపిస్తే రబ్బర్లు మారుస్తాను. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ ప్రమాణమే 140కి దిగుతుంది. పొడవైన దిగుడు రోడ్డులో మాటిమాటికీ బ్రేకు తొక్కితే ఆ వేడికి ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, పెడల్ నేలకంటుకున్నా బ్రేకు పడదు. అందుకే రెండేళ్లకోసారి మొత్తం తీసేసి కొత్తది పోస్తాను. చివర్లో లైనులోంచి గాలి తీయాలి. అది ఇద్దరి పని. మా అమ్మాయి స్టీరింగ్ ముందు కూర్చుంటుంది. నేను చక్రం దగ్గర నుంచి "తొక్కి పట్టుకో... ఇక వదులు" అంటుంటాను. చేసిన ప్రతి పనీ తేదీ, కిలోమీటర్లతో సహా ఒక నోటుపుస్తకంలో రాస్తాం. ఆ పుస్తకంలో మొదటి పేజీల చేతిరాత మా నాన్నగారిది.

ఇంత చేసినా హోస్ పగులు నాకు కనిపించలేదు. రోజూ చూసే కంటికి కొన్ని ఆనవు. అందుకే ఇంకొకరి కన్ను కావాలంటున్నాను.

జర్మనీలో 1997 నుంచి 30 ఏళ్లు దాటిన బండ్లకు హెచ్ అక్షరంతో ప్రత్యేక నంబరు ప్లేటు ఇస్తున్నారు. అదీ ఊరికే ఇవ్వరు. బండి అసలు రూపంలో, మంచి స్థితిలో ఉందని నిపుణుడు చూసి చెప్పాలి. మామూలు పరీక్షలు ఆ తర్వాత కూడా తప్పవు. బ్రిటన్ మాత్రం 2018 మే నుంచి, పెద్ద మార్పులు చేయని 40 ఏళ్లు దాటిన బండ్లకు ఏటా జరిగే పరీక్షను తప్పనిసరి కాకుండా చేసింది. బండిని క్షేమంగా ఉంచే బాధ్యత యజమానిదే అంది. పాత కార్లను ప్రేమించేవాడిగా నాకు ఆ నమ్మకం బాగానే అనిపిస్తుంది. అయినా నేను జర్మనీ పద్ధతినే కోరతాను.

మా బండి కొత్తదానికంటే ఎక్కువ కాలుష్యం వదులుతుంది. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. ఇది నేను దాచను. అందుకే దాన్ని తక్కువే తిప్పుతాం, పాయింట్ల గ్యాప్ (నిప్పురవ్వ పుట్టించే స్విచ్ లాంటి పాయింట్ల మధ్య సందు), టైమింగ్ (ఆ రవ్వ పడే సమయం), కార్బొరేటర్ సరిగ్గా ఉంచుతాం. పాయింట్ల గ్యాప్ మా బండికి 0.4 మిల్లీమీటర్లు. అది తప్పితే టైమింగ్ కదులుతుంది, పెట్రోలు సరిగ్గా మండదు, పొగ పెరుగుతుంది. పొగకు మాకూ ఒక హద్దు పెట్టండి, ఆ కాలం ఇంజిన్ మంచి స్థితిలో ఉంటే అందుకోగలిగిన హద్దు.

పెట్రోలు గురించి కూడా ఒక మాట. ఇథనాల్ కలిపిన పెట్రోలు కొత్త బండ్లకు సరిపోతుంది. పాత బండ్లలో రబ్బరు పైపులు దానికి ఉబ్బి, మెత్తబడి కారతాయి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇథనాల్ తేమను కూడా లాగుతుంది, ఎక్కువకాలం కదలని బండిలో కార్బొరేటర్ లోపల తెల్లటి పొడిలా తుప్పు పడుతుంది. నేను పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేసుకున్నాను. ఈ సంగతి తెలియనివాళ్ల మాటేమిటి? ఐరోపా యూనియన్ దేశాల్లో 2018 అక్టోబరు నుంచి బంకులో ప్రతి పంపు మీదా ఇథనాల్ ఎంతవరకు ఉండొచ్చో గుండ్రటి గుర్తులో ఈ5 (5 శాతం దాకా), ఈ10 (10 శాతం దాకా) అని రాస్తున్నారు. ఇంధన శాఖతో మాట్లాడి, అలాంటి గుర్తు లేనిచోటల్లా పెట్టించండి.

ఇంటి దగ్గర తీసిన ఇంజిన్ ఆయిల్ ఎక్కడ ఇవ్వాలో చాలామందికి తెలియదు. నేను డబ్బాల్లో పట్టి దాచి, తీసుకునేవాళ్లు దొరికేదాకా ఆగుతాను. ఫిట్‌నెస్ పరీక్ష జరిగేచోటే ఒక పీపా పెట్టిస్తే అక్కడే పోసి వస్తాం.

ముఖ్యమైన కోరిక మళ్లీ మొదటిదే. మీ ఇన్‌స్పెక్టర్లకు పాత బండ్ల మీద శిక్షణ ఇప్పించండి. హోస్‌ను వంచి చూడటం, డోర్ల కింద బాడీ అంచును తట్టి తుప్పు కనిపెట్టడం, స్టీరింగ్ జాయింట్లు వదులయ్యాయేమో చూడటం వాళ్లకు నేర్పించండి. మేం రాసుకున్న పుస్తకం చూపిస్తే తిప్పి చూడమనండి. మా బండి పనికిరాదని తేలితే ఏది పాడైందో రాసిచ్చి, బాగుచేసుకోవడానికి గడువు ఇవ్వండి. తయారైన సంవత్సరం చూసి మాత్రం తుక్కుకు పంపకండి.

వచ్చే పరీక్షకు ముందు నాలుగు బ్రేక్ డ్రమ్ములూ మళ్లీ విప్పుతున్నాం. ఈసారి చక్రం దగ్గర మా అమ్మాయి ఉంటానంది, పెడల్ నేను తొక్కుతాను.

ఇట్లు,
ఒక పాత కారు యజమాని