డిశ్చార్జి తర్వాతి వీడియో కాల్స్‌కి సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

ఇంటికెళ్లిన బాలింతలకు, పసిబిడ్డలకు వీడియో కాల్‌లో తోడుండే పని మా నర్సుల బృందం ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. ఎవరి సాయం ఎక్కడ అక్కరకొచ్చిందో విడమర్చి చెప్తున్నాం, ఇలాంటి సేవ మొదలుపెట్టేవాళ్లకూ పనికొస్తుందని.

ముందుగా, ట్రయల్ కాల్స్‌లో ఓపిగ్గా కూర్చున్న తల్లులకు. పాలిచ్చేటప్పుడు ఫోన్ ఎదురుగా పెడితే బిడ్డ తల వెనక భాగం తప్ప ఇంకేమీ కనపడదని తేలింది వాళ్ల వల్లే. ఫోన్ పక్క నుంచి, రొమ్ము ఎత్తులో ఉండాలి. వేరే మనిషి పట్టుకుని వెనక కెమెరాతో చూపిస్తే ఇంకా మేలు. వెలుతురు తల్లి వీపు వెనక నుంచి రాకూడదు. బిడ్డ రొమ్ము అందుకోకముందే కాల్ మొదలవ్వాలి, పట్టేశాక చూస్తే సగం సంగతి తెలియదు. నోరు బాగా తెరుచుకుని, గడ్డం రొమ్ముకు ఆని, కింది పెదవి బయటికి తిరిగి, చనుమొన చుట్టూ ఉండే నల్లని భాగం కింద కంటే పైన ఎక్కువగా కనిపిస్తే పట్టు బాగున్నట్టు.

గుటక చప్పుడు మాత్రం ఫోన్‌లో ఒక్కోసారి వినపడదు. బిడ్డ మింగకపోవడం వల్లే అనుకోనక్కర్లేదు, యాప్‌లోని నాయిస్ సప్రెషన్ (చుట్టుపక్కల శబ్దాలను తగ్గించే ఏర్పాటు) ఆ చప్పుడును కూడా వడగట్టేస్తుంది. దాన్ని ఎలా ఆపాలో చూపించిన సాఫ్ట్‌వేర్ మిత్రులకు వేరే నమస్కారం. లింకులో ఫొటో పంపే బటన్ పెట్టిందీ వాళ్లే. నెట్ తగ్గితే వీడియో మసకబారి ఒంటిమీది దద్దుర్లు, బొడ్డు చుట్టూ ఎరుపు ఆనవు. పగటి వెలుతురులో, ఫిల్టర్ లేకుండా తీసిన ఒక్క ఫొటో వీడియో కంటే నయం.

అయినా కామెర్లను కెమెరాలో చూసి తేల్చొద్దని గట్టిగా చెప్పిన పిల్లల డాక్టర్లకు రుణపడి ఉంటాం. గదిలో బల్బు, కెమెరా తనంతట తాను చేసుకునే రంగుల సర్దుబాటు పసుపును దాచేయగలవు. నల్లని ఒంటిమీద అది మరీ తెలియదు. పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనిపించినా, అరచేతులకూ అరికాళ్లకూ పాకినా, బిడ్డ లేపినా పాలకు లేవకపోయినా నేరుగా ఆసుపత్రికే పంపాలి. వాళ్లు రాసిచ్చిన కాగితంలో మిగతావీ ఇంతే సూటిగా ఉన్నాయి: ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, ఆపైన ఉన్నా, 35.5 సెల్సియస్ కంటే తగ్గినా, శ్వాస నిమిషానికి 60, ఆపైన ఉన్నా, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోతుగా లోపలికి పోతున్నా ఆలస్యం చేయకూడదు. శ్వాసను నిండు నిమిషం లెక్కపెట్టాలి. పసిబిడ్డ కాసేపు గబగబా పీల్చి కాసేపు ఆగుతుంది, పావు నిమిషం లెక్కను నాలుగు రెట్లు చేస్తే తప్పుతుంది. వీడియో ఆగి ఆగి వస్తుంటే ఇంట్లోవాళ్లే లెక్కపెట్టాలి, మనం గడియారం చూడాలి.

పాలు చాలుతున్నాయా అన్న ప్రశ్నకు తడిసిన డైపర్ల పట్టిక తయారుచేసి ఇచ్చినవారికీ ధన్యవాదాలు. మొదటి రోజు కనీసం 1, రెండో రోజు 2, మూడో రోజు 3, ఐదారు రోజులకల్లా 6.

బిడ్డ ధ్యాసలో తల్లి మరుగున పడిపోతుంది. ప్రసవమైన మూడు నుంచి ఆరు రోజుల మధ్య బీపీ పెరగడం ఎక్కువ, అప్పటికి చాలామంది ఇంటికెళ్లిపోయి ఉంటారు. బీపీ మిషన్లు ఇచ్చిన దాతల మేలు ఇక్కడే తెలిసింది. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, పాదాలు నేలకు ఆన్చి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. పట్టీ చేతికి ఇరుకైతే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. 140/90 వస్తే అదే రోజు డాక్టరుతో మాట్లాడించాలి. 160/110 వచ్చినా, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, గంటలోపే ప్యాడ్ నిండిపోతున్నా ఎమర్జెన్సీ.

చివరగా కౌన్సెలర్లకు. ప్రసవం తర్వాత వచ్చే మానసిక కుంగుబాటును పసిగట్టే ఎడిన్‌బరో స్కేల్‌లోని 10 ప్రశ్నలు అడిగే ముందు "గదిలో ఇంకెవరైనా ఉన్నారా?" అని అడగడం, ఇయర్‌ఫోన్స్ పెట్టించి జవాబును నంబరుగా చెప్పించడం వాళ్లే నేర్పారు. పదోది తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించి. దానికి "ఎప్పుడూ లేదు" అన్నది తప్ప ఏ జవాబు వచ్చినా, మొత్తం స్కోరు ఎంతున్నా, ఇంకొకరు ఆమె పక్కకు చేరేదాకా కాల్ పెట్టేయకూడదు. లైన్ తెగితే వెతుక్కోకుండా, ఇంటి చిరునామా, రెండో ఫోన్ నంబరు ప్రతి కాల్ మొదట్లోనే రాసుకుంటున్నాం.