బ్యాగులో మిగిలిపోయిన బుల్లెట్: విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. మీరు తెలుగువారు కాబట్టి ఈ లేఖ తెలుగులోనే రాస్తున్నాను. అమెరికాలో వేటకు వెళ్లే మన పిల్లల గురించి, వాళ్లు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు మన ఎయిర్‌పోర్టుల్లో పడుతున్న చిక్కు గురించి.

మా మేనల్లుడు టెక్సస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి స్నేహితులతో కలిసి మోంటానా కొండల్లో ఎల్క్ అనే పెద్ద జింకల వేటకు వెళ్లడం మరిగాడు. మా అక్కకు ఇది బొత్తిగా గిట్టదు, అది వేరే సంగతి. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. కానీ ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదు. అలా చట్టప్రకారమే వెళ్తున్నాడు.

తుపాకీతో విమానం ఎక్కడం అక్కడ మామూలు విషయం. తూటాలు తీసేసిన రైఫిల్‌ను గట్టి పెట్టెలో పెట్టి తాళం వేయాలి. తాళంచెవి ప్రయాణికుడి దగ్గరే ఉండాలి. కౌంటర్‌లో ‘ఇందులో తుపాకీ ఉంది’ అని ప్రతిసారీ చెప్పాలి. తూటాలను అట్టపెట్టెలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో సర్ది లగేజీలో వేయాలి, చాలా ఎయిర్‌లైన్స్ 5 కిలోల వరకు ఒప్పుకుంటాయి. క్యాబిన్ బ్యాగులో మాత్రం ఒక్క తూటా కూడా ఉండకూడదు.

ఆ పద్ధతి గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. 2017 జనవరి 6న ఒకడు అలాస్కాలోని యాంకరేజ్ నుంచి ఇలాగే నిబంధనల ప్రకారం పిస్టల్‌ను లగేజీలో వేసుకుని ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో దిగాడు. బ్యాగు తీసుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్లి తూటాలు నింపుకొచ్చాడు. లగేజీ కోసం నిలబడ్డ జనం మీద కాల్చి ఐదుగురిని చంపాడు. మన దేశంలో కట్టడి గట్టిగా ఉండటమే మంచిది. నా బాధ ఆ కట్టడి గురించి కాదు.

మోంటానాలో ఎల్క్ వేట ప్రధాన సీజన్ దాదాపు నవంబరు చివరికి ముగుస్తుంది. డిసెంబరు, జనవరిలో మనవాళ్లు సంక్రాంతికి ఇళ్లకు బయల్దేరతారు. చాలాసార్లు అదే బ్యాక్‌ప్యాక్, అదే జాకెట్. మావాడి బ్యాగు పక్క జేబులో ఒక రైఫిల్ తూటా ఉండిపోయింది. వచ్చేటప్పుడు ఎవరి కంటా పడలేదు. తిరుగు ప్రయాణంలో ఇక్కడి స్కానర్‌లో కనబడింది. ఎక్కడి ఎయిర్‌పోర్టో చెప్పను, సిబ్బంది తప్పు కూడా ఏమీ లేదు. చూసిందాన్ని పోలీసులకు అప్పగించారు. వేట లైసెన్సు, ఫోన్‌లో మోంటానా ఫొటోలు అన్నీ చూపించాడు. ఎస్సై గారు ఓపికగా చూశారు. ‘నాకూ అర్థమవుతోంది బాబూ, కానీ కేసు కట్టక తప్పదు’ అన్నారు. మర్నాడు లోకల్ పేపర్లో ‘ఎయిర్‌పోర్టులో బుల్లెట్ కలకలం’ అని వచ్చింది. బెయిల్ దొరికింది కానీ విమానం పోయింది, సెలవు అయిపోయింది. ఇప్పుడు వాయిదాల టెన్షన్.

ఆయుధాల చట్టం సెక్షన్ 25 కింద లైసెన్సు లేని తూటాకు జైలు శిక్షే. 2019 సవరణ తర్వాత ఆ శిక్ష ఇంకా పెరిగింది. అయితే సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులోనూ, 1994లో సంజయ్ దత్ కేసులోనూ ఒక మాట తేల్చింది. ఆ వస్తువు తన దగ్గర ఉందని తెలిసి ఉంచుకుంటేనే నేరం. దాని ఆధారంగానే, తుపాకీ లేకుండా ఒకటీ అరా తూటా దొరికిన ఎయిర్‌పోర్టు కేసుల్ని ఢిల్లీ హైకోర్టు ఎన్నోసార్లు కొట్టేసింది. చివరికి కొట్టేసే కేసే అని పోలీసులకు, లాయర్లకు, జడ్జీలకు ముందే తెలుసు. అయినా మనిషి హైకోర్టు దాకా వెళ్లి లాయరు ఫీజు కట్టి రావలసిందే. అమెరికా నుంచి వచ్చినవాడైతే ఎలాగో భరిస్తాడు. పొలం కాపలాకు లైసెన్సు తుపాకీ ఉన్న తండ్రి సంచిని తెలియక పట్టుకొచ్చిన కుర్రాడి పరిస్థితి ఆలోచించండి.

ఆయుధాల చట్టం, ఎయిర్‌పోర్టుల్లో తనిఖీలు, కాపలా చూసే సీఐఎస్ఎఫ్ రెండూ హోం శాఖ కిందివని తెలుసు. కానీ విమానాశ్రయాల భద్రతా నియమాలు రాసే బీసీఏఎస్ మీ శాఖదే. కాబట్టి మొదటి అడుగు మీ నుంచే పడాలి. తుపాకీ లేకుండా ఒకటి రెండు తూటాలు మాత్రమే దొరికినప్పుడు ఏం చేయాలో హోం శాఖతో కూర్చుని ఒక పద్ధతి రాయించండి. తూటా స్వాధీనం చేసుకోండి, వాంగ్మూలం రాయించుకోండి, పాత నేరాలేమైనా ఉన్నాయా చూడండి, లైసెన్సు నిజమో కాదో తేల్చుకోండి, గట్టి జరిమానా కూడా వేయండి. అనుమానం మిగిలితే అప్పుడు ఎఫ్ఐఆర్. దీనికి చట్టం సవరించాల్సి వస్తే, ఆ ప్రతిపాదన మీ శాఖే పంపవచ్చు.

రెండో పనికి ఇంత తతంగం అక్కర్లేదు. ఇండియాకు విమానాలు నడిపే సంస్థలన్నీ చెక్ ఇన్ సమయంలో లైటర్ ఉందా, పవర్ బ్యాంక్ ఉందా అని అడుగుతూనే ఉన్నాయి. ‘ఈ బ్యాగును ఎప్పుడైనా వేటకు, షూటింగ్ రేంజికి వాడారా? జేబులన్నీ దులిపి చూసుకోండి, ఇండియాలో ఒక్క తూటాకైనా కేసు పెడతారు’ అన్న రెండు వాక్యాలు కూడా చేర్చమని ఆదేశించండి. తెలుగులో, హిందీలో, పంజాబీలో ఉంటే మరీ మంచిది, ఇంట్లో పెద్దవాళ్లు చదివి పిల్లలకు గుర్తుచేస్తారు. టెర్మినల్ గేటు బయట, తనిఖీకి ముందే, ఇలాంటివి వదిలేసే పెట్టె ఒకటి సీఐఎస్ఎఫ్ కాపలాలో పెట్టించినా చాలామంది బయటపడతారు.

సంక్రాంతి ప్రయాణాల టికెట్లు చాలా కుటుంబాలు దసరా నాటికే కొనేస్తాయి. చెక్ ఇన్ హెచ్చరిక వరకైనా ఆలోపు అమల్లోకి వచ్చేలా చూడమని కోరుతున్నాను.

ఇట్లు
హైదరాబాద్ నుంచి ఒక మేనమామ