పిల్లలు అడిగి తెచ్చుకునే బట్టల విషయంలో పెద్దల మర్యాద

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి దగ్గర పడుతున్న కొద్దీ మన కోనసీమ ఊళ్ళలో ఆడపిల్లల పరికిణీలు, ఓణీలు, మగపిల్లల చొక్కాలు, అంచు పంచెలు స్నేహితుల ఇళ్ళకు తిరగడం మొదలవుతుంది. బడిలో ముగ్గుల పోటీకి ఒకరి ఓణీ, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మరొకరి పట్టు పరికిణీ, మాఘమాసంలో అంతర్వేది కల్యాణానికి ఇంకొకరి గౌను. కొందరు తల్లిదండ్రులు దీన్ని నామోషీగా భావించి మాన్పించాలని చూస్తారు, మరికొందరు పిల్లల గొడవ మనకెందుకని ఊరుకుంటారు. పిల్లలు ఒకరి బట్టలు ఒకరు వేసుకోవడం మంచి అలవాటేనని, అయితే అందులోని మర్యాదను బట్టలిచ్చే ఇంటి పెద్దలే ముందుగా నేర్చుకోవాలని చాలాకాలం బడిలో పనిచేసిన నాకు అనిపిస్తుంది.

మొదట అడిగే తీరు చూద్దాం. రాజోలు, మలికిపురం ప్రాంతాల్లో తల్లి కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్ళగా, అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతున్న పిల్లలు ఎందరో ఉన్నారు. తల్లి అక్కడినుంచి పంపిన గౌను తోటి పిల్లలకు కంటికి నచ్చిన బట్ట మాత్రమే కావచ్చు. ఆ పిల్లకు మాత్రం తన కొలత గుర్తుంచుకుని అమ్మ కొన్న వస్తువు. నలుగురిలో అడిగితే కాదనలేక, స్నేహం పోతుందేమోనన్న భయంతో ఇచ్చేసి, ఇంట్లో చెప్పలేక కుమిలిపోయిన పిల్లలను నేను చూశాను. కాబట్టి అడిగే పిల్ల, అవతలి పిల్ల ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి, "మీ ఇంట్లో అడిగి రేపు చెప్పు" అని ఒక రోజు గడువివ్వాలి. ఇవ్వడం ఇష్టం లేనప్పుడు "ఇది ఇవ్వలేనే, ఇంకోటి తీసుకో" అని మెత్తగా చెప్పడం కూడా మన పిల్లలకు నేర్పాలి. అమ్మ పెళ్ళిచీర కత్తిరించి కుట్టించిన పరికిణీ వంటివి అసలు గడప దాటకపోవడమే మంచిది. పోతే మళ్ళీ దొరకని దాన్ని ఇచ్చి ఆ తరువాత బాధపడడం ఇద్దరికీ అన్యాయం.

తిరిగి ఇచ్చేటప్పుడు ఉతికి, ఇస్త్రీ చేసి ఇవ్వాలన్నది అందరికీ తెలిసిన మాటే. కానీ అది నూలు బట్టకు సరిపోయినట్టు పట్టుకు సరిపోదు. బండారులంక నూలు చీరతో కుట్టిన పరికిణీని చల్లటి నీళ్ళలో విడిగా జాడించి నీడన ఆరవేస్తే చాలు. ఉప్పాడ జాంధానీనో, జరీ ఉన్న పట్టునో మర్యాద పేరుతో సబ్బుపొడిలో నానబెడితే బట్ట పాడైపోతుంది. దాన్ని చెమట ఆరేవరకు గాలికి వేసి, జరీ లోపలికి వచ్చేట్టు మడిచి, "ఉతకలేదండీ, ఎలా చేయమంటారు?" అని ఆ ఇంటి పెద్దావిడనే అడగడం సరైన పద్ధతి. జాకెట్టు వదులైతే కచ్చా కుట్టుతో బిగించుకోవచ్చు గాని కత్తెర పెట్టకూడదు. ఆ బట్టతో అరటితోటలోకి వెళ్ళకూడదన్నది మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పవలసిన మాట, ఎందుకంటే అరటి కర పడితే ఏ సబ్బుకూ వదలదు.

మరక పడినా, చిరిగినా ఆ సంగతి బట్టకంటే ముందు ఆ ఇంటికి చేరాలి. మడతలో దాచి ఇచ్చి, వాళ్ళే చూసుకుంటారులే అనుకోవడం స్నేహానికి చేటు. చెప్పవలసింది పిల్లే, పక్కన తల్లో తండ్రో ఉంటే చాలు. కొత్తది కొనివ్వమని అడగాలా వద్దా అన్నది బట్టనుబట్టి పెద్దలు తేల్చుకోవలసిన విషయం. అయితే ఆ మాట పిల్లల ఎదుట మాత్రం రాకూడదు.

నన్ను ఎక్కువగా బాధించేది ఇచ్చినవారి నోటిదురుసు. తీర్థంలో పదిమంది మధ్య "ఆ పరికిణీ మా అమ్మాయిదే" అనడం, వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెట్టిన పిల్లకు "మా డ్రస్ నీకు బాగా కుదిరిందే" అని రాయడం మన ఊళ్ళలో మామూలైపోయింది. అన్నవారికి అది సరదా కావచ్చు, విన్న పిల్ల మాత్రం ఆ పండుగంతా తలదించుకుంటుంది. ఇచ్చిన బట్ట తిరిగి వచ్చేవరకు ఆ పిల్లదేనని అనుకోవాలి. ఇంతకంటే దారుణం, ఎవరి ఇంటినుంచి వచ్చిందో ఆరా తీసి, కులం చూసి, "వాళ్ళ బట్టలు మనమా?" అని విడిచేయించే పెద్దలు ఇంకా ఉండడం. పిల్లల్లో లేని అంటును బట్టల ద్వారా వారికి అంటగట్టడం నేరమని నేను గట్టిగా నమ్ముతాను.

జాగ్రత్త పడవలసిన అంటు వేరే ఉంది. గజ్జి, తామర వంటివి బట్టల ద్వారా కూడా సోకవచ్చు. మన ఉక్కపోతలో, ముఖ్యంగా వానాకాలంలో సరిగా ఆరని బట్టలతో తామర బెడద మరీ ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా దురద, పొక్కులు ఉంటే నయమయ్యేవరకు ఇవ్వడం, తీసుకోవడం రెండూ ఆపాలి. లోదుస్తులు, సాక్సులు, తువ్వాళ్ళు, దువ్వెనలు ఎప్పుడూ ఎవరివి వారికే ఉండాలి. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు అన్నది నగల గురించి కనుక పరికిణీతోపాటు బంగారు గొలుసు పంపే పని పెట్టుకోకండి.

చివరగా బడుల యాజమాన్యాలకు ఒక విన్నపం. "రేపు ఎల్లో డే, అందరూ పసుపు రంగు బట్టల్లో రావాలి" అని సాయంత్రం సందేశం పెడితే, ఆ రంగు బట్ట లేని ఇంటి పిల్ల రాత్రికి రాత్రి ఎవరినో ఒకరిని అడగక తప్పదు, అటువైపు పిల్లకు ఇంట్లో అడిగే వ్యవధి ఉండదు. ఇటువంటి కార్యక్రమాలు కనీసం పది రోజుల ముందు తెలపండి, ఆ రంగు బట్ట లేని పిల్ల యూనిఫాంలో వచ్చినా అందరితోపాటే వరుసలో నిలబెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
రాజోలు