గేర్‌బాక్స్ దించేముందు చక్రం తిప్పి చూడండి

ఎడిటర్ గారూ,

వానలకు రోడ్ల మీద పడ్డ గుంతల గురించి మీరు రోజూ రాస్తున్నారు, సంతోషం, కానీ ఆ గుంతల్లో పడి లేచిన కార్లకు ముందువైపు గరగర మొదలయ్యాక షెడ్లలో ఏం జరుగుతోందో కూడా రాయండి. మా ఊళ్లో ఒక షెడ్డులో నా కారును కనీసం నడిపి చూడకుండానే 'గేర్‌బాక్స్ పోయింది సార్, దించాలి' అన్నారు. ఇంకో మెకానిక్ జాకీ పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ సస్పెన్షన్ స్ప్రింగు మీద నన్ను చెయ్యి పెట్టమన్నాడు. గరుకుగా వణుకు తెలిసింది. చక్రం నున్నగా తిరిగేలా చూసే వీల్ బేరింగ్ పోయింది, అంతే!

శబ్దం ఎప్పుడొస్తుందో గమనిస్తే సగం తేలిపోతుంది. స్టీరింగ్ మొత్తం తిప్పి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు టకటకమంటే బయటి సీవీ జాయింట్‌ని (ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే ఇరుసుకు చక్రం వైపున్న కీలు) అనుమానించాలి, దాని రబ్బరు తొడుగు (బూట్) చిరిగితే గ్రీజు రిమ్ము లోపలివైపు చిమ్మి ఉంటుంది. స్పీడుతో పాటు మోత పెరుగుతూ, బండి కుడికి తిరిగినప్పుడు ఇంకా ఎక్కువైతే చాలాసార్లు ఎడమ బేరింగే. బ్రేకు వేసినప్పుడే గీరుకుంటుంటే ప్యాడ్లు అరిగి ఇనుము డిస్కుకు తగులుతున్నట్టు, అలాంటి బండిని మాత్రం రోడ్డెక్కించొద్దు.

టెస్ట్ డ్రైవ్ చేశాకే ఎస్టిమేట్ ఇవ్వాలనీ, తీసేసిన పాత పార్టు మన చేతికివ్వాలనీ షెడ్డులో గట్టిగా అడగండి, మొహమాటపడితే జేబుకే చిల్లు.

- ఒక కారు యజమాని, ఖమ్మం